కట్ట కింది బోరు

ఎండాకాలంలో రేగడిపల్లికి వచ్చిన కొత్తవాళ్లు రెండింటిని చూసి ఆగిపోయేవాళ్లు. ఒకటి, పదవి పోయి ఎంతకాలమైనా తెల్లచొక్కా వదలని మాజీ సర్పంచ్ గణపతి. రెండోది, చెరువు కట్ట కింద సాలమ్మ కూరమళ్లు.

ఊళ్లో బావులు అడుగంటి, బర్రెలు కూడా నీడ వెతుక్కుని నాలుక బయటపెట్టే రోజుల్లో ఆ మళ్లలో పాలకూర నిగనిగలాడేది. పుంటికూర, అంటే గోంగూర, నడుమెత్తు పెరిగేది. కొత్తిమీర సంగతైతే చెప్పనే అక్కర్లేదు. గార్ల సంతలో సాలమ్మ గంప దించకముందే నలుగురు దాని చుట్టూ చేరేవాళ్లు. "సాలమ్మ కొత్తిమీరేనా?" అని అడిగి మరీ కొనేవాళ్లు. ఆ మాట వినడానికే ఆమె ప్రతి సంతకూ తెల్లవారకముందే ఆటో ఎక్కేది.

"అక్క చేతిల ఏమున్నదో ఏమో" అనేది తోటికోడలు రాజీ, మూతి తిప్పుతూ. "గదే ఇత్తనం నేనేస్తే మొలువనే మొలువదు."

"చెయ్యి మంచిదైతే మొలుస్తదే" అనేది సాలమ్మ.

చేతిలో ఏమీ లేదు. ఉన్నదంతా కట్టలో ఉంది. కట్ట అడుగున, తూముకు కాస్త ఎడంగా, బొటనవేలు లావున ఒక ఊట. చెరువులోని నీళ్లు కట్ట లోపలినుంచి దారి చేసుకుని ఇవతలికి వచ్చేవి. సాలమ్మ అత్త బతికున్నప్పుడు అక్కడ ఒట్టి తడి. సాలమ్మ చేతికి వచ్చేసరికి అది ధార అయింది. ఆమె దాని చుట్టూ రాళ్లు పేర్చి, పైన సొరపాదు పాకించి, ఎవరి కంటా పడకుండా దాచుకుంది. ఆ చెరువు సర్కారుది, కట్ట సర్కారుది, కట్ట కింది జాగ కూడా సర్కారుదే. కొత్తిమీర మాత్రం సాలమ్మది.

వానలు ఇంకా మొదలుకాని రోజుల్లో ఒక పొద్దున గణపతి ఊరందరినీ పంచాయతీ ఆఫీసు ముందుకు పిలిపించాడు.

"నీళ్ల శాఖల నుంచి ఏఈ మేడం వస్తున్నది. మన కట్ట భద్రంగ ఉన్నదా లేదా చూస్తదట. గిది ఊరి ఇజ్జత్ సవాల్."

గణపతి సర్పంచ్‌గా ఉన్నప్పుడు ఊరికి పరిశుభ్రత బహుమానం ఒకటి వచ్చింది. అధికారులు నడిచే దారిలో రాళ్లకు సున్నం వేయించి, మురుగుకాలువ మీద తాటాకులు కప్పించి ఆయన దాన్ని సాధించాడు. అప్పటినుంచి చూడ్డానికి ఎవరు వచ్చినా ఏం చేయాలో ఆయనకు ఒక్కటే తెలుసు.

"ఎక్కడా పగులు కనపడొద్దు. పందికొక్కు బొక్క కనపడొద్దు. మేడం జీపు దిగంగనే మన కట్ట పెండ్లిపిల్ల లెక్క కనపడాలె."

ఊరంతా కదిలింది. మగవాళ్లు జీపు ఆగే చోట మాత్రం తుమ్మచెట్లు నరికారు. కట్ట రాళ్లకు సున్నం వేశారు. ఆడవాళ్లు పగుళ్లలో మట్టి కూరి, పేడతో అలికి, మీద ముగ్గులు పెట్టారు. పందికొక్కుల బొరియల మీద పెద్ద ముగ్గులు, సన్న పగుళ్ల మీద చిన్న ముగ్గులు.

సాలమ్మ ముగ్గు వేస్తూ వేస్తూ మాట కదిలించింది. "అన్నా, కట్టకు యాడన్న ఊట గిట్ల దొరికితే ఏం చేస్తరట?"

"మొన్న అవతలి ఊర్ల దొరికిందట. కట్ట కింద ఉన్న మళ్లన్నీ పీకిచ్చి, ఇసుక, కంకర, రాళ్లు గుట్ట పోపిచ్చిందట మేడం. మనకేం భయం? మన కట్టకు ఊట లేదు గదా" అన్నాడు గణపతి.

సాలమ్మ చేతిలో ముగ్గు పిండి గీత తప్పింది.

ఇంటికి వచ్చి మొగుడు ఐలేశ్ ముందు కూచుంది. ఐలేశ్‌కు లోకంలో ఇద్దరంటే భయం. ఒకరు సాలమ్మ. రెండోది, ఆలోచిస్తున్నప్పటి సాలమ్మ.

"బోరేద్దాం" అంది చాలాసేపటికి.

"మేడం ఎల్లుండి వస్తదట గదనే. గంతల బోరేడ పడ్తది?"

"బోరు కాదయ్యా. బోరు లెక్క."

కొట్టం వెనక తుప్పు పట్టిన కేసింగ్ పైపు ముక్క ఒకటి పడి ఉంది. ఎప్పుడో చేనులో బోరు వేయించి నీళ్లు పడక బయటికి లాగిన పైపు అది. ఇద్దరూ దాన్ని మోసుకుపోయారు. సొరపాదు పక్కకు తీసి, ఊట మీదే మోకాలి లోతు గుంట తవ్వి, పైపు నిలబెట్టి, చుట్టూ బంకమట్టి దట్టించారు. నీళ్లకు వేరే దారి లేక పైపులోకి ఎక్కి, పక్కన బిగించిన గొట్టంలోంచి గలగలమని పడ్డాయి. సాలమ్మ పైపుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. దూరంనుంచి చూస్తే అచ్చం బోరే.

మరుసటి పొద్దున అటుగా వచ్చినవాడు వెంకట్రాం. చుట్టుపక్కల ఊళ్లలో బోరు పాయింట్లు చూసేది అతనే. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా తిరుగుతాడు. ఎక్కడ టెంకాయ నిటారుగా లేచి నిలబడితే అక్కడ నీళ్లున్నట్టు. కొంతకాలంగా అతను చూపిన చోట బండ పడుతోంది, తెల్లపొడి పడుతోంది, నీళ్లు మాత్రం పడటం లేదు. జనం పిలవడం తగ్గించారు. ఐలేశ్ చేనులో నీళ్లు పడకపోయింది కూడా అతని టెంకాయ పుణ్యమే.

"ఇదేంది ఐలేశా, బోరా?"

"బోరే అన్నా."

"మోటరేది?"

"మోటరు లేకుండనే పోస్తున్నది."

వెంకట్రాం దోసిలి పట్టి నీళ్లు చూశాడు. మొహం చిన్నబోయింది. "పాయింటు ఎవలు చూసిన్రు?"

ఐలేశ్ సాలమ్మ వైపు చూశాడు. సాలమ్మ ఆకాశం వైపు చూసింది.

"నువ్వే గదన్నా" అన్నాడు ఐలేశ్.

వెంకట్రాం తడి చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు. పైపును మెల్లగా నిమిరాడు. తర్వాత తలపాగా సర్దుకున్నాడు.

"ఔ. యాదికొచ్చింది. ఆ దినం నా చేతిల టెంకాయ దిగ్గున లేచింది. మీరే నమ్మకపోతిరి. నేను చెప్పలే, గీడ గంగమ్మ తలకాయ ఎత్తుకోని నిలబడ్డదని?"

"చెప్పినవ్ చెప్పినవ్" అంది సాలమ్మ.

మధ్యాహ్నానికి ఊరంతా తెలిసింది. సాయంత్రానికి గార్లలో కూడా తెలిసింది.

ఏఈ మేడం పేరు శోభారాణి. సొంతూరు జనగామ. వయసు చిన్నదే గాని నడక పెద్దది. జీపు దిగగానే గణపతి శాలువా విప్పబోతే, "పట్టుకోండి, తర్వాత కప్పుకుంటా" అని చేతికర్ర తీసుకుని కట్ట ఎక్కేసింది. డప్పుల వాళ్లు ఆమె వెనకాల పరుగెత్తలేక మధ్యలోనే కొట్టడం ఆపేశారు.

మొదటి ముగ్గు దగ్గర ఆగింది. "బాగుంది. ఎవరు వేశారు?" అంటూనే కర్రతో గీకింది. కింద చెయ్యి దూరేంత పగులు. రెండో ముగ్గు గీకింది. పందికొక్కు బొరియ. మూడో ముగ్గు దగ్గర మళ్లీ పగులు. ఆ తర్వాత ఆమె కట్టమీద వేరే ఏదీ చూడలేదు. ఒక ముగ్గు నుంచి తిన్నగా ఇంకో ముగ్గుకు నడిచింది.

"ముగ్గులెయ్యమని ఎవలు చెప్పిన్రే మీకు?" అని పళ్లు నూరాడు గణపతి.

"నువ్వే చెప్తివి గద మామా" అంది రాజీ.

ఒకచోట శోభారాణి ఎంతసేపు గీకినా ఏమీ బయటపడలేదు. వంగి తవ్వింది. చెమట తుడుచుకుని మళ్లీ తవ్వింది. "ఇక్కడ ఏముంది?"

"ఏం లేదు మేడం" అంది రాజీ సిగ్గుపడుతూ. "గది ఉట్టి ముగ్గు. జాగ మంచిగున్నదని ఏసిన."

మత్తడి దగ్గర చేపలు పోకుండా అడ్డం కట్టిన వలలు చూసి శోభారాణి మొహం ఎర్రబడింది. నిండిన చెరువులో మిగులు నీళ్లు బయటికి పోయే దారే మత్తడి. "దీనికి వల కడితే నీళ్లు ఎటు పోతాయి? కట్ట మీదినుంచి పోతాయి. వానలు పడేలోపు ఇవి తీసెయ్యాలి" అంది. అందరూ తలలూపారు. తలలూపడంలో రేగడిపల్లి వాళ్లు ఎప్పుడూ వెనకాడలేదు.

ఆఖరికి కట్ట దిగి, సాలమ్మ మళ్ల దగ్గరికి వచ్చింది. ఇంత ఎండలో ఇంత పచ్చదనం చూసి ఆమె కళ్లు చిన్నవయ్యాయి.

"నీళ్లు ఎక్కడివమ్మా?"

"బోరు మేడం" అంది సాలమ్మ.

"ఎంత లోతు?" అని ఐలేశ్‌ను అడిగింది శోభారాణి.

"మోకాలు..." అన్నాడు ఐలేశ్. సాలమ్మ అతని కాలు తొక్కింది.

"మోకాలి నొప్పి మేడం ఆయనకు. సరింగ మాట్లాడలేడు."

అప్పటికే వెంకట్రాం జనంలోంచి ముందుకు తోసుకొచ్చాడు. "నేను చెప్త మేడం. పాయింటు నాది. వెయ్యి అడుగుల కింద గంగమ్మ ఉన్నది. నా టెంకాయ చూసి తట్టుకోలేక పైకొచ్చింది."

శోభారాణి పైపు చుట్టూ తిరిగింది. నీళ్లు దోసిట్లో పట్టింది. అద్దంలా ఉన్నాయి. ఆ రోజే ఇంకా చూడాల్సిన చెరువులు చాలా ఉన్నాయి. డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. ఫోన్‌లో ఒక ఫొటో తీసుకుంది.

"కట్ట కింద బోరు వెయ్యకూడదని తెలీదా? వానలు తగ్గాక దీని సంగతి చూస్తా. బోరు కాబట్టి సరిపోయింది. ఊట అయ్యుంటే ఇవాళే ఈ మళ్లన్నీ తీయించి ఇసుక పోయించేదాన్ని."

"ఊటంటే గంత భయమా మేడం?" అని అడిగింది సాలమ్మ, ఎవరో వేరేవాళ్ల సంగతి అడిగినట్టు.

"మట్టికట్ట అన్నాక కొంచెం చెమ్మగిల్లుతుందమ్మా. నీళ్లు తేటగా వచ్చినంతకాలం కనిపెట్టుకుని ఉంటే చాలు. రంగు తిరిగిందంటే మాత్రం కట్ట లోపలి మట్టిని నీళ్లు మోసుకొస్తున్నట్టు. లోపల బొక్క పెద్దదవుతూ ఉంటుంది. పైనుంచి చూసేవాళ్లకు ఏం తెలీదు. తెలిసేసరికి కట్ట ఉండదు." తన నంబరు అందరికీ చెప్పి ఫోన్లలో ఎక్కించుకోమంది. "ఏం తేడా కనపడినా ఫోన్ చెయ్యండి."

జీపు పోయింది. సాలమ్మ మళ్లు మిగిలాయి. ఆ పూట ఆమె ఐలేశ్‌కు కోడికూర వండి పెట్టింది.

కానీ అబద్ధం మళ్లలో ఊరుకోలేదు. వెంకట్రాం దాన్ని ఊళ్లు తిప్పాడు. జనగామ నుంచి ఒకాయన కారు వేసుకుని వచ్చి, బోరుకు దండం పెట్టి, దానికి వీపు చూపకూడదని వెనక్కి నడుస్తూ మెంతికూర మడి మొత్తం తొక్కి పోయాడు. గోదావరి ఒడ్డున మహదేవపూర్ నుంచి కూడా మనుషులొచ్చారు. గోదావరి పక్కన ఉన్నవాళ్లకు సాలమ్మ నీళ్లేమి వింతో ఆమెకు అర్థం కాలేదు. వచ్చినవాళ్లు సీసాల్లో నీళ్లు పట్టుకునేవాళ్లు, పోతూ పోతూ ప్రసాదంలాగా గుప్పెడు కొత్తిమీర తెంపుకునేవాళ్లు.

"మా ఊర్ల గూడ గిట్లనే మోటరు లేకుండ పడ్తదా?" అని అడిగేవాళ్లు.

"గది ఎంకట్రామన్ననే అడుగుండ్రి" అనేది సాలమ్మ, పుంటికూర తొక్కకుండా చేతులు అడ్డం పెడుతూ.

వెంకట్రాం పాయింట్లకు మళ్లీ గిరాకీ పెరిగింది. అతను బోరు పక్కనే ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకున్నాడు.

వానలు దంచి కొట్టాయి. చెరువులోకి ఎర్రటి కొత్తనీళ్లు వచ్చి చేరాయి. ఒక పొద్దున మత్తడి దుంకడానికి నాలుగు వేళ్లే తక్కువ ఉందని ఊరంతా కట్ట మీదికి చేరింది. మత్తడి దుంకే రోజున కట్ట మైసమ్మకు మేకను కోయడం ఆ ఊరి ఆనవాయితీ. గణపతి మేకకు దండ వేయించి, డప్పులు పిలిపించాడు. మత్తడికి కట్టిన వలలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

కింద సాలమ్మ చెంబు పట్టుకుని బోరు దగ్గరికి వచ్చింది. ధార మునుపటికన్నా లావుగా పడుతోంది. చెంబు నిండింది. చూస్తే నీళ్లు చాయ్‌లా ఉన్నాయి.

పారబోసి మళ్లీ పట్టింది. మళ్లీ చాయే. చెంబును రాయి మీద పెట్టి, కొంగు నోట్లో పెట్టుకుని చూస్తూ కూచుంది. కాసేపటికి అడుగున వేలెడు మన్ను పేరింది.

"ఓ అయ్యా, గిటు రా" అని కేకేసింది.

ఐలేశ్ వచ్చి చూశాడు. "చెరువుల కొత్తనీళ్లు ఎర్రగనే ఉన్నయి గదనే."

"ప్రతి వానకాలం చెరువు ఎర్రగనే ఉంటది. గీడికొచ్చేసరికి తేటగుండేది. ఇయ్యాల్లనే ఎందుకు గిట్లొచ్చె?"

"బోరుకు గూడ అప్పుడప్పుడు మట్టినీళ్లు వస్తయని చెప్దాం."

"ఎవలికి చెప్తవయ్యా? గది బోరు కాదని మనిద్దరికే ఎరుక. మనకు మనమే చెప్పుకుందామా?"

సాలమ్మ మళ్లవైపు చూసింది. చెప్తే ఇసుక పోస్తారు, కొత్తిమీర పోతుంది. చెప్పకపోతే కట్ట తెగుతుంది. కట్ట తెగితే మొదట మునిగేది కట్టను ఆనుకుని ఉన్న కొత్తిమీరే. ఆ తర్వాత తన ఇల్లు, దాని పక్కన రాజీ ఇల్లు, ఆపైన ఊరు. ఎటు తిప్పి చూసినా కొత్తిమీర దక్కేలా లేదు. ఊరైనా దక్కుతుంది.

ఫోన్ చేసింది.

"మేడం, నేను బోరు సాలమ్మను."

"చెప్పమ్మా."

"నీళ్లు రంగు తిరిగినయి మేడం."

"బోరు నీళ్లే కదా?"

సాలమ్మ కళ్లు మూసుకుంది. "బోరు కాదు మేడం. మోకాలంత లోతు పైపు. ఊట మీద పెట్టినం. ఆయనకు మోకాలి నొప్పి గూడ లేదు."

అవతల శోభారాణి గొంతు డప్పులా మోగింది. "తిట్టడం తర్వాత. ఇప్పుడు విను. ఆ రంధ్రాన్ని గుడ్డలతో, మట్టితో మూయొద్దు. మూస్తే నీళ్లు ఇంకోచోట పగలగొట్టుకుంటాయి. పైపు తీసేసి, ముందు ఇసుక మందంగా పొయ్యండి. దాని మీద కంకర, ఆపైన రాళ్లు. నీళ్లు రావాలి, మట్టి రావద్దు. తూము పూర్తిగా ఎత్తండి. మత్తడి వలలు కోసెయ్యండి. కట్ట కింది ఇళ్లల్లో ఎవరినీ ఉంచొద్దు. నేను డోర్నకల్ దగ్గరున్నా, వస్తున్నా. ఫోన్ పెట్టెయ్యకు."

ఐలేశ్ ఇళ్లన్నీ తిరిగి ముసలివాళ్లనూ పిల్లలనూ ఎత్తున ఉన్న బడి వైపు పంపించాడు. సాలమ్మ ఫోన్ చేతిలోనే పట్టుకుని కట్ట ఎక్కింది. ఆయాసపడుతూనే మైసమ్మ ముందు ఉన్న జనానికి సంగతి చెప్పింది. డప్పులు ఆగాయి. ఎవరూ కదలలేదు.

"ఊటేంది సాలమ్మా? పొద్దుగాల్నే ఏం మాటలియ్యి?" అన్నాడు గణపతి.

"జనం కూర తెంపుకపోతున్నరని అక్కకు కడుపుమంట మామా" అంది రాజీ. "బోరు లేదంటే ఎవలూ రారు గదా, గందుకే."

అందరికన్నా ఎక్కువగా వెంకట్రాం ఎగిరిపడ్డాడు. "నా బోరును ఊటంటవా? జనగామ నుంచి కార్లల్ల వచ్చి మొక్కిపోతున్నరు! మహదేవపూర్ దాక నా పేరు పోయింది! ఊటకు మొక్కుతరా ఎవలన్న?"

"నడువు, సూపిస్త" అని సాలమ్మ అతని చెయ్యి పట్టుకుని కట్ట దింపింది. జనం వెనకాలే దిగారు. బోరు దగ్గర ఐలేశ్ అప్పటికే తిరిగి వచ్చి నిలబడి ఉన్నాడు.

"పీకయ్యా" అంది.

ఐలేశ్ వంగి, పైపును రెండు చేతులా పట్టుకుని, పెరట్లో ముల్లంగి పీకినట్టు పీకాడు. వెయ్యి అడుగుల బోరు మోకాలి వరకు వచ్చి ఆగిపోయింది. గుంటలోంచి ఎర్రటి నీళ్లు బుడబుడమని ఉబికాయి.

అందరూ వెంకట్రాం వైపు చూశారు. వెంకట్రాం పైపు వైపు చూశాడు.

"నీళ్లున్నయని చెప్పిన్నా లేదా?" అన్నాడు చివరికి. "నీళ్లున్నయా లేవా? బోరని నేను ఎన్నడన్న అన్ననా?"

నవ్వడానికి ఎవరికీ టైం లేదు. ఫోన్‌లోంచి శోభారాణి, "ఇసుక పోశారా? ఏం చేస్తున్నారు?" అని అరుస్తోంది. మంగ్యా అనే తండా మనిషి, ఆ వలలు కట్టిన వాడే, కొడవలి తీసుకుని మాట్లాడకుండా మత్తడి వైపు పరుగెత్తాడు. ఇంకొందరు తూము షట్టరు ఎత్తడానికి పోయారు.

"ఇసుకేడున్నది?" అన్నారెవరో.

అందరి తలలూ ఒకేసారి తిరిగాయి. రోడ్డు అవతల గణపతి ఖాళీ జాగలో ఇసుక గుట్ట, కంకర గుట్ట, పునాది రాళ్లు పక్కపక్కనే ఉన్నాయి. ఆయన కొత్త ఇల్లు మొదలుపెట్టబోతున్నాడు.

"గది నా ఇంటిది!" అన్నాడు గణపతి. "ముహూర్తం గూడ పెట్టుకున్న!"

"కట్ట తెగితే ముహూర్తానికి ఇల్లు ఏడ కడ్తవ్ మామా, చెరువులనా?" అంది రాజీ. ఎర్రనీళ్లు చూసినప్పటినుంచి ఆమె పూర్తిగా అక్క వైపుకు వచ్చేసింది.

గణపతి గుంట వైపు చూశాడు, ఇసుక వైపు చూశాడు. ఊరి జనం ఎప్పుడూ చూడనిది ఒకటి జరిగింది. ఆయన తెల్లచొక్కా విప్పి తుమ్మకొమ్మకు తగిలించి, బనియన్ మీద తట్ట ఎత్తాడు.

మొదటి తట్ట సాలమ్మ చేతికి వచ్చింది. గుంటకు, ఆమె కాళ్లకు మధ్య ఉన్నదంతా కొత్తిమీరే. లేతది. రెండు రోజులాగితే సంతకు పోయేది.

"జర ఆగుండ్రి" అంది. "రెండు కట్టలు పీక్కుంట. గంతే."

"సాలమ్మా!" అంది ఫోన్. "ఇసుక!"

సాలమ్మ మొహం పక్కకు తిప్పుకుని తట్ట గుమ్మరించింది. తర్వాత ఇంకో తట్ట. తర్వాత ఎవరి తట్టలు ఎవరు పోస్తున్నారో తెలియలేదు. ఇసుక కింద కొత్తిమీర పోయింది. కంకర కింద పాలకూర పోయింది. రాళ్లు మోసేవాళ్ల కాళ్ల కింద తోటకూర పోయింది. డప్పుల వాళ్లు కూడా డప్పులు దింపి రాళ్లు మోశారు. అందరూ ఇటు పడ్డారు గనుక మేకను ఎవరూ పట్టించుకోలేదు. అది తాడు తెంపుకుని మెల్లగా కట్ట దిగి, పూలదండతో సహా మిగిలిన పుంటికూర మడిలో నిలబడి తీరిగ్గా తినడం మొదలుపెట్టింది. సాలమ్మ రాయి ఎత్తుకుంటూ అటు చూసి, "తిను బిడ్డా, నువ్వన్న తిను" అంది.

శోభారాణి జీపు వచ్చేసరికి తూము నుంచి నీళ్లు ఉరుముతూ పోతున్నాయి. వలలు కోసిన మత్తడి మీదినుంచి కూడా చెరువు దుంకుతోంది. ఆమె ఎవరినీ పలకరించకుండా వచ్చి రాళ్ల గుట్ట పక్కన మోకాళ్ల మీద కూచుంది. ఇంకా రెండుచోట్ల ఇసుక పోయించింది. మూడు బారల దూరం కట్టను కర్రతో పొడిచి పొడిచి చూసింది. చాలాసేపటి తర్వాత రాళ్ల సందుల్లోంచి కారే నీళ్లను గ్లాసులో పట్టి ఎండకు ఎత్తింది.

అందరూ గ్లాసు వైపు చూశారు. నీళ్లు తేటగా ఉన్నాయి.

"ఇప్పటికి గండం తప్పింది" అంది శోభారాణి. "చెరువు సగానికి దించేదాకా తూము మూయొద్దు. ఎండలు రాగానే ఈ కట్టను తవ్వి బాగుచేయాల్సిందే." సాలమ్మ వైపు తిరిగింది. "నిన్నేం చెయ్యమంటావు? అబద్ధం చెప్పినందుకు నోటీసివ్వనా, నిజం చెప్పినందుకు శాలువా కప్పనా?"

"శాలువ గణపతి మామ దగ్గరున్నది మేడం" అంది రాజీ.

శోభారాణికి నవ్వొచ్చింది గాని మింగేసింది. సున్నం తెప్పించి, కట్ట కింది నుంచి రోడ్డు వరకు ఉన్న జాగ చుట్టూ గీత కొట్టించింది. "ఈ గీత లోపల ఒక్క మొక్క కూడా ఉండొద్దు. సొరపాదు ఉండొద్దు. తడి ఎక్కడుందో కంటికి కనపడాలి. కారే నీళ్లకు చిన్న కాలువ తీసి, రోడ్డు కింది తూరలోకి, ఆ సిమెంటు గొట్టంలోకి, పంపండి. సాలమ్మా, రోజూ పొద్దున నీళ్లు చూసి నాకు ఫోన్ చెయ్యి. అబద్ధం చెప్పకుండా."

"గీత లోపల వద్దు. తెలిసింది మేడం." సాలమ్మ తూర అవతలి వైపు చూస్తోంది. "గీత అవతల?"

"గీత అవతల ఏం చేసుకున్నా నాకు సంబంధం లేదు."

మేక కడుపు నిండా తిని పడుకుంది. ఆ పూట దాన్ని కోయడానికి ఎవరికీ ఓపిక లేకపోయింది.

వానలు తెరిపి ఇచ్చాక గణపతి ఉతికిన తెల్లచొక్కా వేసుకుని, పునాది కొలతలకు తాడు పట్టుకుని తన జాగకు వచ్చాడు. ఇసుక లేదు, కంకర లేదు, ఒక్క రాయి లేదు. ఉన్నదల్లా తూరలోంచి వచ్చే నీళ్లు, ఆ నీళ్లకు అడ్డంగా మడి కడుతున్న ఐలేశ్, పారతో మట్టి తిరగేస్తున్న సాలమ్మ.

"ఏందిది?" అన్నాడు గణపతి.

"దండమే అన్నా" అంది సాలమ్మ, పార ఆపకుండానే. "మల్ల ఇసుక తెచ్చుకునేదాక జాగ ఉట్టిగనే ఉంటది గదా అని."

"నా ఇసుక తిన్నవ్. నా కంకర తిన్నవ్. ఇప్పుడు జాగ గూడ తింటవా?"

"ఇల్లెన్నడన్న కట్టుకోవచ్చన్నా. కొత్తిమీర కాలం పోతే మల్ల రాదు."

"నా జాగల ఇత్తనమేస్తే మంచిగుండదు, చెప్తున్న."

సాలమ్మ కొంగు ముడి విప్పి పిడికిలి చూపించింది. పిడికిలి ఖాళీ. విత్తనాలు అప్పటికే మట్టిలో పడ్డాయి. "ఏసిన అన్నా. ఇగ తియ్యరాదు."

గణపతి ఐలేశ్ వైపు తిరిగాడు. ఐలేశ్ కూచుని మోకాలు పట్టుకున్నాడు.

రోడ్డు మీద ఏదో ఆటో ఆగి, లోపలినుంచి ఒక ఆడగొంతు "ఓ సాలమ్మా, వచ్చే సంతకు కొత్తిమీర వస్తదా?" అని అడిగింది. సాలమ్మ జవాబు చెప్పకుండా గణపతి మొహంలోకి చూసింది. ఆటోలోని మనుషులంతా కూడా ఆయన మొహంలోకే చూశారు. జనం చూస్తున్నప్పుడు కాదనడం సర్పంచ్ పని చేసినవాడికి చేతకాదు.

"వచ్చే సంతకు ఏడొస్తదమ్మా, మొలువాలె గదా" అన్నాడు ఆటో వైపు తిరిగి, తానే విత్తినట్టు. "నెల పడ్తది." తర్వాత తాడు చుట్టుకుంటూ, గొంతు తగ్గించి సాలమ్మతో అన్నాడు. "ఆ మూలకు జర చుక్కకూర గూడ ఎయ్యి. మా ఇంట్ల పప్పుల గదే కావాలంటరు."